కూలీల చర్మం నుంచి పుట్టిన మందు
గుట్ట కింద పొగ చరిత్ర, మానుడు రాజకీయాలు

'బీడీ మానెయ్' అనే మాట మన వాడలకు కొత్తది కాదు. సర్కారు దవాఖానలో డాక్టరు చెప్తాడు. బడిలో సారు చెప్తాడు. సినిమా మొదలయ్యే ముందు తెర మీద చెప్తారు. కట్ట మీద బొమ్మ వేసి మరీ చెప్తారు. ఎట్లా మానాలో మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. మానలేకపోతే 'వీళ్ళింతే' అని తేల్చేస్తారు. ఆ 'వీళ్ళు' అనే మాటలో కులం వుంది.

పొగ మానడానికి ఒక మందు వుంది. దాన్ని నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్స అంటారు. మనిషిని పట్టి వుంచేది పొగాకులోని నికోటిన్. మనిషిని చంపేది ప్రధానంగా పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడు, ఇతర విషాలు. కాబట్టి పొగ లేకుండా నికోటిన్‌ను మాత్రమే కొద్దికొద్దిగా నమిలే గమ్ ద్వారానో, చర్మానికి అంటించే ప్యాచ్ ద్వారానో ఇచ్చి, రెండు మూడు నెలల్లో దాన్ని కూడా తగ్గించేస్తే మనిషి బయటపడతాడు. ఇదీ దాని సూత్రం. ఈ మందులో ఒక భాగం కూలీల శరీరాల నుంచి నేర్చుకున్నదని, కానీ మన కూలీల దాకా అది రాలేదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ చరిత్రను యాదగిరిగుట్ట చుట్టుపక్కల వాడల్లో నిలబడి చూస్తున్నాం. ఎందుకంటే మేము ఆ వాడల నుంచే యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం వాళ్ళం. ముసలితనంలో నాలుగడుగులు వేస్తే ఆయాసపడే తాతలు, తండ్రులు మా ఇళ్ళలో వున్నారు.

జీతగాడి చుట్ట

పొగాకు దక్కనుకు పోర్చుగీసు వాళ్ళ ఓడల మీద వచ్చింది. 1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనే మొగలు రాయబారి బీజాపూర్‌లో దాన్ని చూసి అక్బరు దర్బారుకు తీసుకుపోయాడు. రత్నాలు పొదిగిన హుక్కా గురించి చరిత్ర పుస్తకాలు రాశాయి. జీతగాడి చుట్ట గురించి రాయలేదు.

నల్లగొండ ఎగువ ప్రాంతం మెట్ట నేల. చెరువు నిండితే పంట, లేకుంటే ఎండ. ఈ నేల మీద దొరల గడీలు, జీతాలు, వెట్టి ఎట్లా నడిచాయో తెలంగాణ చరిత్ర తెలిసినవాళ్ళకు విడమర్చి చెప్పనక్కరలేదు. 1944లో ఆంధ్ర మహాసభ పదకొండో మహాసభ గుట్టకు కూతవేటు దూరంలోని భువనగిరిలోనే జరిగింది. వెట్టి మీద, భూమి మీద ఆ తర్వాత నడిచిన పోరాటం గురించి ఎన్నో పుస్తకాలొచ్చాయి. పొద్దు పొడవక ముందు దొర పశువుల కొట్టం కాడికి పోయి చీకటి పడ్డాక తిరిగొచ్చే జీతగాడికి రోజులో దొరికిన విశ్రాంతి ఎంత, ఆ విశ్రాంతికి ఏ పేరుండేది అనే ప్రశ్న మాత్రం వాటిలో కనబడదు.

ఆ విశ్రాంతికి మా వాడల్లో పేరుంది. 'బీడి తాగేంత సేపు.' గడియారం లేని మనుషులకు అదొక కాలమానం. 'ఊకె కూసుంటే దొర తిడ్తడు, బీడి ముట్టించుకుంటే గింత సేపు ఊకుంటడు' అని పెద్దలు చెప్తారు. అంటే కూలివాడికి కూచునే హక్కు లేదు, బీడీకి కాలే హక్కు వుంది. ఆ బీడీ నీడలోనే అతను కూచున్నాడు. పైగా నికోటిన్ ఆకలిని కాసేపు చంపుతుంది. ఒంటిపూట గటక తాగి నాగలి పట్టినవాడికి అది తిండి స్థానంలో నిలబడ్డది. అలవాటు, వ్యసనం అనే మాటలు వాడే ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఇందులో ఇంకో కోణం వుంది. దొర ఎదురొస్తే నోట్లో చుట్ట తీసి దాచుకోవాలి, చెప్పులు చేతబట్టుకోవాలి, తుండుగుడ్డ నడుముకు చుట్టుకోవాలి. నిప్పు అడిగితే చేతికి ఇవ్వకుండా నేల మీద పడేసేవాళ్ళని ముసలోళ్ళు చెప్తారు. చుట్ట ఒకటే, పొగాకు ఒకటే, నిప్పుకు మాత్రం అంటు వుంది. అందుకే సంఘం వచ్చినంక దొర ముందర బీడీ ముట్టించడం కొందరికి ఆత్మగౌరవ ప్రకటన అయ్యింది. మన యువకుల చేతిలో బీడీని ఒట్టి దురలవాటుగా చూసే సంస్కర్తకు ఈ చరిత్ర తెలియదు. తెలియదు కాబట్టే అతని ఉపన్యాసం చెవికెక్కదు. అయితే దొర ముందు తలెత్తి తాగిన బీడీ కూడా ఊపిరితిత్తులను వదిలిపెట్టదు. ఆత్మగౌరవం కోసం ముట్టించినదైనా కాల్చేది మన ఒంటినే. ఈ రెండు నిజాలనూ కలిపి చూడాలి.

చేతులు ఎవరివి

బీడీకి ఆకు అడవి నుంచి వస్తుంది. ఎండాకాలం తునికాకు కోసేది ఆదివాసులు, అడవి అంచు పల్లెల పేదలు. ఆకు కట్ట రేటు కోసం 1980లలో ఉత్తర తెలంగాణ అడవుల్లో జరిగిన పోరాటాలు తెలిసినవే. ఆ ఆకులో తంబాకు పోసి చుట్టేది నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల ఆడవాళ్ళు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. వంచిన నడుము, ముక్కులో తంబాకు దుమ్ము. వాళ్ళ కోసం 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ సెస్సు చట్టం వచ్చాయి. తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఆసరా పథకంలో బీడీ కార్మికులకు భృతి ఇచ్చారు. ఇవన్నీ పోరాడి తెచ్చుకున్నవే.

సిగరెట్ల కథ పట్నంలో నడిచింది. 1916లో హైదరాబాదులో మొదలైన వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ సిగరెట్‌ను ఇంటింటి పేరు చేసింది. అటు కోస్తాలో 1920ల నుంచి గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు సాగు పెరిగింది. చీరాలలో ఐఎల్‌టీడీ కంపెనీ ఆకును బాగుచేసి కట్టలు కట్టించింది. పొలాల్లో ఆకు కొట్టినవాళ్ళలో, బేరన్ల కాడ కర్రలకు ఆకు అల్లినవాళ్ళలో, గ్రేడింగ్ షెడ్లలో కూచున్నవాళ్ళలో దళిత స్త్రీలు పెద్ద సంఖ్యలో వున్నారు. ఆ చీరాలకు దగ్గరలోనే కారంచేడు వుంది. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు మాదిగలను అగ్రకుల భూస్వాములు చంపితే బతికినవాళ్ళు తలదాచుకున్నది చీరాలలోనే. వాణిజ్య పంటల డబ్బు ఏ కులాల ఇంటికి చేరిందో, ఆ పంటల చాకిరి ఏ కులాల ఒంటికి చేరిందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే వేరే ఆధారం అక్కరలేదు.

మరి సారా మీద లేచిన ఉద్యమం బీడీ మీద ఎందుకు లేవలేదు? 1991-92లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో దళిత, బహుజన స్త్రీలు ముందు నిలిచారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం సాధించారు. సారా ఇంట్లోకి తెచ్చింది దెబ్బలే తప్ప కూలి కాదు. బీడీ అట్లా కాదు. మొగుడి ఊపిరి తీసే బీడీయే ఇంకో ఊళ్ళో ఇంకో ఆడమనిషికి పూట గడిపే బీడీ. 'బీడీని నిషేధించాలి' అనే నినాదం మనకు అచ్చిరాకపోవడానికి కారణం ఇదే. నిషేధం కాకపోతే మరి మార్గమేది? చుట్టేవాళ్ళకు వేరే బతుకుతెరువు, తాగేవాళ్ళకు మానడానికి సాయం. మొదటిదాని మీద కార్మిక సంఘాలు మాట్లాడుతూ వస్తున్నాయి. రెండోదాని మీద దళిత ఉద్యమం దాదాపు మాట్లాడలేదు.

మందు పుట్టిన తీరు

ఈ సాయానికి వున్న మందు మన నేల మీద పుట్టలేదు కాబట్టి దాని చరిత్ర కోసం కాస్త దూరం పోవాలి. 1967 చివర స్వీడన్‌లోని లియో అనే మందుల కంపెనీలో ఊవె ఫెర్నో అనే పరిశోధకుడికి లుండ్ నగరం నుంచి క్లాస్ లుండ్‌గ్రెన్ అనే మిత్రుడు ఒక సూచన పంపాడు. జలాంతర్గాముల్లో పొగ తాగడం కుదరదు. అక్కడి నావికులు నోట్లో పెట్టుకునే పొగాకుతో సర్దుకుంటున్నారు. అంటే పొగ లేకుండా కూడా నికోటిన్ తృప్తి దొరుకుతున్నది. అక్కడ మొదలైన ప్రయోగాలు నికోటిన్ చూయింగ్ గమ్‌గా తేలాయి. 1978లో స్విట్జర్లాండ్, 1984లో అమెరికా దానికి అనుమతినిచ్చాయి.

ప్యాచ్ కథ మనకు మరింత దగ్గరిది. అమెరికా దక్షిణ రాష్ట్రాల పొగాకు పొలాల్లో ఒకప్పుడు నల్లజాతి బానిసలు పనిచేశారు, ఆ తర్వాత పాలుకు చేసే పేదలు, కూలీలు పనిచేశారు. తెల్లారుజామున మంచుకు తడిసిన ఆకు కోసేవాళ్ళకు వాంతులు, తలతిప్పు, తలనొప్పి, నీరసం వచ్చేవి. 1970లో ఫ్లోరిడా డాక్టర్లు దీన్ని 'పొగాకు కోతగాళ్ళ జబ్బు' అని రాశారు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతున్నదని 1974లో నార్త్ కరోలినా కూలీల మీద చేసిన పరిశీలన చూపింది. దీనికే 'పచ్చి పొగాకు జబ్బు' అని పేరు. ఈ జబ్బు మీద ఆసక్తి కలిగిన ముర్రే జార్విక్, ఆయనతో పనిచేసిన జెడ్ రోజ్ లాస్ ఏంజెలెస్‌లో ఇంకో ప్రశ్న వేసుకున్నారు. కూలీ చర్మం గుండా పోయే నికోటిన్‌ను పొగ మానేవాడి చర్మం గుండా కొలిచి ఎందుకు పంపకూడదు? ఇతరుల మీద ప్రయోగానికి అనుమతి దొరక్క మొదట తమ చర్మం మీదే ప్రయోగించుకున్నారు. 1984లో దాని మీద పరిశోధన పత్రం వచ్చింది. 1991లో అమెరికాలో ప్యాచ్ డాక్టరు చీటీ మీద దొరికింది, 1996 నుంచి చీటీ లేకుండానే దొరికింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. చర్మం నికోటిన్‌ను పీల్చుకుంటుందని లోకానికి చెప్పింది పొలంలో వాంతి చేసుకున్న కూలి శరీరం. ఆ కూలీకి అది జబ్బు, ప్రయోగశాలకు జ్ఞానం, కంపెనీకి సరుకు. గుంటూరు, ప్రకాశం పొలాల్లో అదే తడి ఆకును అవే ఒట్టి చేతులతో కోసిన మన ఆడవాళ్ళ వాంతులకు 'పైత్యం' అని పేరు పెట్టి వదిలేశారు. జ్ఞానం ఎక్కడ పుడుతుంది, ఎవరి పేరు మీద నమోదవుతుంది అనే ప్రశ్నను దళిత ఉద్యమం చదువుల విషయంలో, కళల విషయంలో, తోలు పని విషయంలో వేసింది. వైద్యం విషయంలోనూ వేయాలి.

మందు పనిచేస్తుందా?

పనిచేస్తుంది. ఈ విషయంలో అనుమానాలు పెంచడం మా ఉద్దేశం కాదు. వందకు పైగా పరీక్షలను కలిపి చూసిన 2018 నాటి కొక్రేన్ సమీక్ష, ఈ మందు వాడితే మానగలిగే అవకాశం ఒకటిన్నర రెట్లు అవుతుందని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశం 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఇంతకాలం ఎందుకు పట్టిందన్నది అడగాల్సిన ప్రశ్నే. అయితే జాబితాలో వుండటం వేరు, పల్లె దవాఖాన అల్మారాలో వుండటం వేరు.

అసలు చిక్కు ఇంకోచోట వుంది. ఈ మందు మోతాదు లెక్కలు, వాడే పద్ధతులు ఎక్కువగా సిగరెట్ తాగే సంపన్న దేశాల మనుషుల మీద తయారైనవి. మన దేశంలో 2016-17 సర్వే ప్రకారం సిగరెట్ తాగే పెద్దవాళ్ళు నూటికి 4 మంది అయితే బీడీ తాగేవాళ్ళు 7.7 మంది. బీడీలో తంబాకు తక్కువ కాబట్టి హాని కూడా తక్కువ అనే అపోహ వుంది. తూకానికి తూకం చూస్తే బీడీ తంబాకులో నికోటిన్ సిగరెట్ కంటే ఎక్కువని 2001లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. తునికాకు గాలి చొరనివ్వదు, మాటిమాటికి ఆరిపోతుంది, గట్టిగా, ఎక్కువసార్లు పీల్చాల్సి వస్తుంది. 2008లో అచ్చయిన దేశవ్యాప్త పరిశోధన, బీడీ తాగే మగవాళ్ళు సుమారు 6 ఏళ్ళు, ఆడవాళ్ళు సుమారు 8 ఏళ్ళు ముందే చనిపోతున్నారని లెక్క తేల్చింది. క్షయ, ఊపిరితిత్తుల జబ్బులు, గుండె జబ్బులు ఆ ఏళ్ళను తింటున్నాయి. ఆరేళ్ళంటే మనవరాలు బడిలో చేరింది మొదలు ఐదో తరగతి దాటేదాకా.

వాడే పద్ధతి తెలియకపోతే ఈ మందు దండగ. గమ్‌ను మామూలు చూయింగ్ గమ్ లాగా గబగబా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి వెక్కిళ్ళు, వికారం వస్తాయి. నాలుగైదుసార్లు మెల్లగా నమిలి, నోట్లో చురుకు తగలగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి వుంచాలి. చురుకు తగ్గితే మళ్ళీ నమలాలి. అరగంట ఇట్లా చేయాలి. చాయ్, కాఫీ, సోడాలు తాగిన పావుగంట దాకా గమ్ పెట్టుకోవద్దు. 2 మిల్లీగ్రాములది, 4 మిల్లీగ్రాములది అని రెండు రకాలున్నాయి. లేచిన అరగంటలోపే మొదటి పొగ కావాల్సినవాళ్ళకు ఎక్కువ మోతాదు అవసరం. మొదటి వారాల్లో రోజంతా గంటా రెండు గంటలకొకటి వాడి, తర్వాత తగ్గించుకుంటూ మూడు నెలల్లో ఆపాలి. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు డాక్టరును అడిగి వాడాలి. ఇది చదివితే ఒక సంగతి తెలిసిపోతుంది. బీడీ ఒకటైనా కొనొచ్చు, కిరాణా కొట్టులో ఉద్దెరకు దొరుకుతుంది. గమ్ పట్నం మెడికల్ షాపులో పట్టీ లెక్కన నగదుకు కొనాలి. అది ఒకటి కాదు, నెలల తరబడి కొనాలి. ఎండలో చెమట కారే వీపు మీద ప్యాచ్ నిలవడం కూడా కష్టమే. మందు తప్పు లేదు. దాన్ని తయారు చేసినప్పుడు ఎవరి మనసులోనూ మన కూలివాడు లేడు.

శ్రీకాకుళం నేర్పిన పాఠం

మానడమనేది మందుతోనే జరుగుతుందని కూడా అనుకోకూడదు. మన తెలుగు నేల మీదే ఒక అనుభవం వుంది. శ్రీకాకుళం తీరంలో, పల్లెల్లో చుట్టను అడ్డపొగగా, అంటే నిప్పున్న కొన నోట్లో పెట్టుకొని తాగే అలవాటు, ముఖ్యంగా పేద ఆడవాళ్ళలో, చాలాకాలంగా వుంది. అంగుడు కాలి, మచ్చలు పడి, కొందరికి క్యాన్సర్ వస్తుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 1966-67లో ఐదు జిల్లాల్లో యాభై వేలమందికి పైగా పల్లె జనం నోళ్ళు పరీక్షించారు. అందులో శ్రీకాకుళం ఒకటి. 1977 నుంచి శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో మొత్తం 36 వేలమంది పొగాకు వాడేవాళ్ళ ఇళ్ళకు ఏటా పోయారు. నోరు చూసి, మచ్చ చూపించి, మాట్లాడి, సినిమాలు వేసి, మానమని చెప్పారు. గమ్ లేదు, ప్యాచ్ లేదు. ఐదేళ్ళ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మానినవాళ్ళు, తగ్గించినవాళ్ళు అంతకుముందటి బృందంలో కంటే స్పష్టంగా ఎక్కువ. క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కూడా తగ్గాయి.

దీని నుంచి 'మందు అక్కరలేదు, మాట చాలు' అని తేల్చేవాళ్ళుంటారు. మేము అట్లా తేల్చడం లేదు. అక్కడ పనిచేసింది ఒట్టి మాట కాదు. గడప దాకా వచ్చిన మనిషి, మళ్ళీ ఏడాది తిరిగొచ్చిన మనిషి, నోరు తెరిపించి చేత్తో తాకి చూసిన మనిషి. అంటరానితనం పాటించిన సమాజంలో ఆ చెయ్యి విలువ మనకు తెలుసు. మాట, మందు రెండూ కలిస్తే ఫలితం ఇంకా ఎక్కువని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెప్తున్నాయి. ధనవంతుడికి రెండూ, పేదవాడికి మాట మాత్రమే అంటే అది వైద్యంలో రెండు గ్లాసుల పద్ధతి.

గుట్ట కింద అడగాల్సినవి

యాదగిరిగుట్ట నరసింహస్వామి జబ్బులు నయం చేస్తాడని జనం నమ్మకం. మండలం రోజులు గుట్ట మీద వుండి ప్రదక్షిణలు చేసే ఆనవాయితీ ఎప్పటి నుంచో వుంది. ఆ నమ్మకం మీద మాకు ఇక్కడ చర్చ లేదు. కానీ నలభై రోజులు కూలి పోగొట్టుకొని కూచోగలిగే తీరిక ఎవరికుంది? 2016 నుంచి 2022 దాకా ఆ గుడిని కృష్ణశిలతో కొత్తగా కట్టారు. ఆ రాళ్ళు మోసినవాళ్ళకు, చెక్కినవాళ్ళకు దొరికిన విరామం కూడా బీడీ తాగేంత సేపే. రాతి దుమ్ము ఒక దెబ్బ, బీడీ పొగ ఇంకో దెబ్బ, రెండూ ఒకే ఊపిరితిత్తుల మీద.

ఈ జిల్లాలోనే బీబీనగర్‌లో, ఒకప్పుడు నిమ్స్ కోసం కట్టిన భవనాల్లో, ఎయిమ్స్ వచ్చింది. 2019లో మొదటి బ్యాచ్ విద్యార్థులు చేరారు. దేశం మొత్తానికి 2016 నుంచి ఒక ఉచిత ఫోను సహాయం కూడా వుంది. 1800-11-2356 నంబరు పొగాకు ప్యాకెట్ల మీద అచ్చవుతుంది. చదువు రానివాడికి అచ్చక్షరం ఏం చెప్తుంది? చదువుకున్న పిల్లలు ఆ నంబరు కొట్టి ఫోను తండ్రి చేతికివ్వడం మనం ఈరోజే చేయగల పని.

మిగిలినవి అడిగి తీసుకోవాల్సినవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో క్షయ మందులు ఉచితంగా ఇస్తున్నట్టే గమ్, ప్యాచ్ ఉచితంగా, మూడు నెలలకు సరిపడా ఇవ్వాలి. ఆశా కార్యకర్తకు వాడే పద్ధతి నేర్పి, ఆ పనికి ఆమెకు కూలి కట్టివ్వాలి. బీడీ, చుట్ట, తంబాకు వాడే మన కూలీల మీదనే మోతాదులు తేల్చే పరిశోధన మన ఆస్పత్రుల్లో జరగాలి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. బీడీ కార్మికుల పేరు చెప్పి తగ్గించిన పన్నుతో బీడీ చవకవుతుంది. చుట్టే చేతికి కూలి పెరుగుతుందన్న హామీ అందులో లేదు. బీడీ మీద వచ్చే రూపాయిలో ఒక వాటా చుట్టేవాళ్ళ కొత్త బతుకుతెరువుకు, ఇంకో వాటా తాగేవాళ్ళ మందుకు పోవాలని అడగాలి.

అన్నిటికంటే ముందు అడగాల్సింది విశ్రాంతి. కట్టడం పని కాడ, గని కాడ, పొలం కాడ నీడ, మంచినీళ్ళు, కూచునే సమయం హక్కుగా వుండాలి. బీడీ ముట్టించకుండా కూడా కూచోవచ్చని మేస్త్రీ ఒప్పుకోవాలి. నికోటిన్‌కు ప్రత్యామ్నాయం ప్రయోగశాలలో దొరికింది. 'బీడి తాగేంత సేపు'కు ప్రత్యామ్నాయం మందుల షాపులో దొరకదు. దాన్ని కూలి సంఘమే సాధించాలి.